ఎర్రమచ్చ దాకా

ఇంటికి తిరిగొచ్చి మూడు వారాలైంది. ప్రయాణం ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే, ఏ ఊరి గురించి మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోతున్నాను. అడిగిన వాళ్ళకి వీణలూ సముద్రమూ కావాలి. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది రైల్లో ఒక చేపలమ్మే ఆవిడ నా ముందుకి చాచిన ఫోను. అందులో ఉన్నది నేను గీసిన బొమ్మ.

నా పని హైదరాబాదులో. భూకంపం వచ్చినప్పుడు నేల ఎటు ఊగింది, ఎంత ఊగింది, ఎంతసేపు ఊగింది అన్నది రాసుకునే పెట్టెలు అక్కడక్కడా కొన్ని ఊళ్ళలో ఉంటాయి. ఒక్కో పెట్టె ఒక సాక్షి. సాక్షులందరి మాటలూ పక్కపక్కన పెట్టుకుని, భూమి లోపలి పగులు ఎక్కడ మొదలైందో, ఎటువైపు పరుగెత్తిందో, ఏ చోట ఎక్కువ జారిందో వెనక్కి లెక్క కట్టాలి. గుడ్డ ఒక కొస దగ్గర పట్టు తప్పితే ఎలా చిరుగుతూ పోతుందో, రాయి కూడా అలాగే క్షణాల్లో చిరుగుతుంది. ఎక్కువ జారిన చోటుని పటంలో ఎర్రరంగుతో చూపిస్తాం.

హుద్‌హుద్ తుఫాను తర్వాత రెండో చలికాలంలో సముద్రం అడుగున ఒక మోస్తరు భూకంపం వచ్చింది. గిన్నెలు గలగలలాడాయి, జనం బయటికి పరుగెత్తారు, అంతే. నా లెక్కలో రెండు ఎర్రమచ్చలు తేలాయి. ఒకటి నడిసముద్రంలో, అందరూ అనుకున్న చోటే. రెండోది శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో. దాన్ని ఎవరూ ఊహించలేదు. ఊహించనిదాన్ని కనిపెట్టానని నేను పొంగిపోయాను. ఒక సమావేశంలో తెరమీద చూపించాను. తర్వాత ఒక విలేకరి ఫోన్ చేస్తే, “తీరానికి దగ్గరలో కూడా పగులు కదిలినట్టు కనిపిస్తోంది” అన్నాను. నేను అన్నది ఆ ఒక్క మాటే.

మార్చిలో, పెట్టెల్ని చూసుకునే మా సహోద్యోగి కాలు విరిగి మంచం ఎక్కడంతో ఆ పని నా మీద పడింది. పదేళ్ళుగా ఆ పెట్టెల మాటలు చదువుతున్నాను గానీ, వాటిలో ఒక్కదాన్నీ ఉన్న చోట ఎప్పుడూ చూడలేదు. ఈసారి చూడవలసినవి మూడు: విజయనగరం, బొబ్బిలి, భావనపాడు. చుట్టపుచూపుగా వెళ్ళినట్టు బయల్దేరాను.

విజయనగరం

రైలు దిగేసరికి పొద్దెక్కింది. మొదటి పెట్టె ఒక ప్రభుత్వ కార్యాలయం వెనకగదిలో ఉంది. సిమెంటు దిమ్మె, దాని మీద నాలుగు బోల్టులు, ఉత్తరం వైపు చూపించే బాణం గుర్తు, అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. బ్యాటరీ మార్చి, దుమ్ము తుడిచి బయటపడ్డాను. ఇంత తేలికా అనుకున్నాను.

మధ్యాహ్నం ఒక చిన్న మెస్సులో కూర్చున్నాను. యాభై రూపాయలకి ఆకు నిండా పెట్టారు. అరటికాయ కూరలో ఆవ నూరి పెట్టారు, ముక్కు దాకా ఘాటు ఎక్కింది. పులుసులో బెల్లం దిట్టంగా ఉంది. మాది గుంటూరు. మా ఇళ్ళలో పులుసు తియ్యగా ఉంటే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. నేను తింటున్న తీరు చూసి వడ్డించే ఆవిడ అడిగింది.

“ఏటమ్మా, కారం సాల్లేదా? ఏ ఊరు మీది?”

చెప్పాను. ఆవిడ లోపలికెళ్ళి రెండు పచ్చిమిరపకాయలు తెచ్చి నా ఆకులో పెట్టింది. నవ్వుకున్నాం. ఏం పని మీద వచ్చానో చెప్పగానే ఆవిడ నవ్వు ఆగిపోయింది.

“బావనపాడు కాడ సముద్రం అడుగున నేల ఇచ్చుకుపోనాదట గదా? మళ్ళీ వస్తాదా?”

ఎవరో ఏదో అనుకుంటారులే అనుకుని, అలాంటిదేం లేదని చెప్పి లేచాను. చెయ్యి కడుక్కుంటుంటే మాత్రం, ఆ ఊరి పేరు ఈవిడకెలా తెలిసిందా అనిపించింది.

బొబ్బిలి దగ్గర, పనసచెక్క పొట్టులో

రెండో రోజు బొబ్బిలి. అక్కడి పెట్టె కూడా దిమ్మె మీద బుద్ధిగా కూర్చుని ఉంది. పని గంటలో అయిపోయింది. రాజాం మీదుగా శ్రీకాకుళం వెళ్ళే బస్సుకి ఇంకా చాలా టైముంది. వీణలు చేసే వాళ్ళుండే వీధికి వెళ్ళాను.

సూర్యనారాయణగారికి అరవై దాటాయి. పంచె మోకాళ్ళ పైకి కట్టి, పనసదుంగ ముందు కూర్చుని ఉలితో వీణ కుండ తొలుస్తున్నారు. వీణ మొత్తం ఒకే దుంగలోంచి రావాలట. అతుకుంటే ఆ సంగతి నాదంలో తెలిసిపోతుందట. తొలిచినంత సేపూ మధ్యమధ్య వేలితో తట్టి, చెవి దగ్గరగా వంచి వింటున్నారు.

నేనూ వినే పనే చేస్తానని చెప్పి నా ఫోన్ తీశాను. నేల ఊగిన తీరుని చాలా రెట్లు వేగం పెంచితే చెవికి వినిపించే చప్పుడవుతుంది. స్కూలు పిల్లలకి వినిపించడానికని మూడు పెట్టెల రికార్డుల్నీ అలా మార్చి పెట్టుకున్నాను. వరసగా వినిపించాను. విజయనగరం పెట్టెది దభీమని పడి, గరగరమంటూ ఆగిపోయింది. బొబ్బిలిదీ అంతే. మూడోది భావనపాడుది. దభీమన్న తర్వాత సన్నగా మూలుగుతూ సాగింది.

ఆయన ఉలి పక్కన పెట్టారు.

“మూడోది మళ్ళీ ఎయ్యండి.”

మళ్ళీ వేశాను. కళ్ళు మూసుకుని విన్నారు.

“ఇది నేల కాదు మేడమ్. కర్ర.”

“అదేంటండీ?”

“మొదటి రెండూ కొట్టీసి ఊరుకున్నాయి. ఇది ఒకటే శ్రుతిలో ఎంతసేపు మోగిందో సూసారా? కర్ర మీద కూకున్నాది. ఆ కర్రకి అతుకు కూడా సరిగ్గా బిగీలేదు. ఆ వొణుకు ఇనిపిస్తంది.”

నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. భావనపాడు ఇసుకనేల అనీ, మెత్తటి నేల కూడా ఒక్కోసారి అలా ఒకే తీరున ఊగుతుందనీ, అదంతా లెక్కలో చూసుకున్నాననీ చెప్పాను. చెప్తున్నంత సేపూ నా గొంతు అవసరమైన దానికంటే పెద్దగా ఉందని నాకే తెలుస్తోంది.

ఆయన అంతా విని మళ్ళీ ఉలి తీసుకున్నారు.

“ఇసక సంగతి నాకు తెల్దు మేడమ్. కర్ర తెలుసు.”

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ రికార్డు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. రాజాం దాటేసరికి ఇసుక కంటే కర్రే ఎక్కువ వినిపించడం మొదలైంది.

ఆమదాలవలసలో ఎక్కిన ప్యాసింజరు

మూడో రోజు ఆమదాలవలసలో నౌపడా వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను. స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, ఊళ్ళో వాళ్ళు మాత్రం ఆమదాలవలస అనే అంటారు. బోగీలో సగం మంది చేపలమ్మి ఖాళీ తట్టలతో తిరిగి వెళ్తున్న ఆడవాళ్ళు. నా ఎదురుగా కూర్చున్నావిడ పేరు పోలమ్మ. నలభై ఏళ్ళుంటాయి. ముక్కుకి రెండు వైపులా పుడకలు. తను తింటున్న ఉప్పుశెనగలు అడగకుండానే నా చేతిలో సగం పోసింది. మా వైపు ముందు ఊరూ పేరూ అడిగి, తర్వాత పెడతారు. ఇక్కడ పెట్టిన తర్వాతే అడుగుతారు.

“ఆ పెట్టిలో ఏటున్నాదమ్మా?” అంది నా కాళ్ళ దగ్గరున్న సామాను పెట్టె చూపిస్తూ.

“నేల ఊగితే రాసుకునే పరికరం ఒకటుంది మీ వైపు. దానికి సామాను.”

“బూకంపం ఆఫీసేటి?”

అవునన్నాను. ఆవిడ బొడ్లోంచి ఫోను తీసి, వేలితో పైకీ కిందికీ తోసి, నా ముఖం ముందు పెట్టింది.

అది నా పటం. నా రంగులు, నా గీతలు, మూలన చిన్నగా నా పేరు పొడి అక్షరాలు. సమావేశంలో ఎవరో తెరని ఫోటో తీసినట్టున్నారు, కొంచెం వంకరగా ఉంది. రెండో ఎర్రమచ్చ చుట్టూ ఎవరో నల్లగా సున్నా చుట్టి, కింద తెలుగులో రాశారు: “ఇక్కడ సముద్రం నోరు తెరుస్తుంది. మత్స్యకారులు వెళ్ళరాదు.”

చేతిలోని శెనగలు కింద పడ్డాయి. నాకు ఆ సంగతి ఆవిడ వంగి ఏరుతున్నప్పుడు తెలిసింది.

“ఇది నిజవేనేటమ్మా?” అని అడిగింది పోలమ్మ. “ఇది వొచ్చిన కాణ్ణించీ మావోళ్ళు ఎవులూ అటేపు ఎల్తం నేదు. మాకు సేప దొరికేది అక్కడే. ఇంకో నెల పోతే సేపలు గుడ్లెట్టే కాలమని సర్కారోళ్ళు ఏట నిసేదం పెడతారు, అప్పుడు ఎలాగూ ఇంట్లోనే కూకోవాల. మా ఆయన సూసి సూసి గుజరాత్ బోట్లకి ఎలిపోనాడు. మా మరిది తాతారావు గుజరాత్ ఎల్నంటే ఎల్నని, రాళ్ళున్న సోటుకి ఎల్లినాడు. వల రాయికి పట్టీసింది. తాడు బిగిసిపోయి రెండు ఏళ్ళు తెగిపోనాయి.”

ఆవిడ తన కుడిచేతి చివరి రెండు వేళ్ళు పట్టుకుని చూపించింది. గొంతులో ఏడుపు లేదు. జరిగింది చెప్తోంది.

ఆ పటం నేనే గీశానని అప్పుడే చెప్పవలసింది. చెప్పలేదు. “చూసి చెప్తాను” అన్నాను. కిటికీ బయట ఉప్పుమడులు తెల్లగా మెరుస్తున్నాయి. నౌపడాలో ఇద్దరం ఒకే ఆటో ఎక్కాం. దారి పొడుగునా ఆవిడే మాట్లాడింది.

తుఫాను షెల్టరు గది

మూడో పెట్టె ఉన్నది ఊరి చివర, సరుగుడు తోట పక్కన తుఫాను షెల్టరులో. కాపలాదారు లచ్చయ్య అనే పెద్దాయన. తాళం తీస్తూ, ఆ పెట్టెని రోజూ తుడుస్తానని సంతోషంగా చెప్పాడు.

సిమెంటు దిమ్మె ఖాళీగా ఉంది. బోల్టులు నాలుగూ ఒక గ్లాసులో వేసి గూట్లో పెట్టి ఉన్నాయి. పెట్టె గోడవారగా ఒక పాత చెక్కబల్ల మీద, కింద మడతపెట్టిన తువ్వాలు మీద కూర్చుని ఉంది.

“ఇదిక్కడికెలా వచ్చింది?” అన్నాను.

“బూకంపానికి ముందు పడిన వానకి గదిలోకి నీళ్ళొచ్చీసినాయమ్మా. పెట్టి తడిసిపోతాదని నానే బల్లెక్కించీసినాను. మీ ఆఫీసుకి నాలుగు మాట్లు ఫోన్ సేసినాను. ఎవులూ ఎత్తనేదు. నీళ్ళు పోనాక దింపుదారంటే, మళ్ళీ వాన పడితే ఏటి సెయ్యాలని వొగ్గీసినాను. సెడిపోలేదు గదమ్మా?”

ఆయన్ని ఏమనగలను? మా ఆఫీసులో ఎవరికీ పట్టని పెట్టెని ఆయన బిడ్డలా చూసుకున్నాడు.

కంప్యూటరు పెట్టెకి తగిలించి, బల్ల అంచు మీద అరచెయ్యి వేసి కొద్దిగా నొక్కాను. ఒక కాలు నేలకి ఆనలేదు, దాని కింద మడిచిన అట్టముక్క ఉంది. బల్ల ఊగింది. తెర మీద గీత వంకులు వంకులుగా సాగింది, సాగింది, ఎంతకీ ఆగలేదు. రెండు నెలలుగా నేను తలకిందులై చదివిన గీత అదే. ఆ ఊగుడు ఎందుకొచ్చిందో అర్థంకాక, దానికి కారణంగా సముద్రంలో ఒక మచ్చ పెట్టింది నా లెక్క. ఇంతా చేసి ఆ మచ్చ నా అరచేతి కిందుంది.

లచ్చయ్య స్టూలు వేస్తే కూర్చున్నాను. ఆ పెట్టె సాక్ష్యం తీసేసి లెక్క మళ్ళీ కట్టమని కంప్యూటరుకి చెప్పాను. గంట పట్టింది. నడిసముద్రంలోని మచ్చ ఉన్నచోటే ఉంది. రెండోది లేదు. అక్కడినుంచే మా పై అధికారికి ఫోన్ చేసి చెప్పాను. ఆ విలేకరి పత్రికకి దిద్దుబాటు రాసి పంపాను. తర్వాత లోపలి పేజీలో నాలుగు లైన్లు వేశారు. వాట్సాప్‌లో తిరిగే పటానికి మాత్రం దిద్దుబాటు ఎవరికి పంపాలో ఇప్పటికీ నాకు తెలియదు.

పెట్టెని దిమ్మె మీదికి దింపి రెండు బోల్టులు బిగించాను. లచ్చయ్యే రెంచి అందుకుని చివరి రెండూ బిగించాడు.

ఒడ్డున

ఎండ చల్లారాక పోలమ్మ నన్ను బోట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు పాతిక మంది దాకా ఉన్నారు. పెద్దమనిషి దానయ్య తిరగేసిన బుట్ట మీద కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన కుడిచేతికి కట్టు కట్టుకున్న ముప్పై ఏళ్ళ మనిషి. తాతారావని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

నిలబడే చెప్పాను. పటం గీసింది నేను. పెట్టె బల్ల మీద ఉంది. బల్ల ఊగితే సముద్రం అడుగు ఊగిందనుకున్నాను. ఆ ఎర్రమచ్చ అక్కడ లేదు.

పోలమ్మ నా వైపు తిరిగి, రైల్లో కూర్చున్న మనిషిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

“అయితే అక్కడ ఎప్పుడూ రాదంటావా?” అన్నాడు దానయ్య.

“ఆ మాట ఎవరూ చెప్పలేరు. ఈ పటం రాకముందు మీకు సముద్రమంటే ఎంత భయముందో అంతే చాలు. ఆ పైన పెరిగినదంతా నేను పెట్టిన భయం.”

“ఏ బల్ల?” అన్నాడు తాతారావు.

షెల్టరు వైపు చూపించాను. అతను లేచి అటు నడిచాడు. తిరిగొచ్చేదాకా మిగిలినవాళ్ళు వలలు కుట్టుకుంటూనే ఉన్నారు. అతను వచ్చి బుట్ట పక్కన నిలబడ్డాడు.

“ఎడం సేత్తో నొక్కితేనే ఊగిపోతంది మావా” అన్నాడు దానయ్యతో. నా వైపు చూడలేదు.

అతనికి క్షమాపణ చెప్పాను. విన్నాడో లేదో తెలియదు.

“నిన్న ఒక మాట సెప్పినారు, నేడు ఇంకో మాట సెప్పినారు” అన్నాడు దానయ్య నిదానంగా. “మావు ఏ మాట మీద పిల్లల్ని సముద్రంలోకి పంపాల?”

“రేపు నేనూ వస్తాను. ఆ చోటికి నన్ను తీసుకెళ్ళండి.”

ఆలోచించి అనలేదు. నాకు ఈత రాదు.

“ఆడోళ్ళని బోటెక్కించం తల్లీ. మా ఆచారం కాదు.”

అప్పుడు పోలమ్మ ముందుకొచ్చింది. “ఈవిడి బొమ్మ సూసి నెల్లాళ్ళు ఏటకెళ్ళకండా కూకున్నప్పుడు, ఆడమనిసి గీసిందని ఎవులికీ గుర్తు రానేదేటి?”

దానయ్య బుట్ట మీంచి లేచి ఇసుక దులుపుకున్నాడు. “తెల్లారి వొచ్చీ” అన్నాడు చివరికి.

నీళ్ళ మీద

ఆ రాత్రి పోలమ్మ ఇంట్లోనే పడుకున్నాను. పొద్దున్నే ఆవిడ గ్లాసుడు చోడి అంబలి ఇచ్చింది. మేం రాగులంటాం, ఇక్కడ చోళ్ళంటారు. పక్కన కాల్చిన ఎండు నెత్తళ్ళు, చిటికెన వేలంత చేపలు. అక్క పెట్టినట్టు పెట్టింది గానీ, నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

బోటులో ఐదుగురు, నేను ఆరో దాన్ని. చుక్కాని దగ్గర తాతారావు. ఆ చేత్తో వద్దని ఇద్దరు చెప్పినా వినలేదు. కెరటాలు దాటేటప్పుడు రెండుసార్లు పూర్తిగా తడిశాను. అరగంటలో తాగిన అంబలంతా సముద్రం పాలైంది. ఒకాయన నా భుజం పట్టుకుని, తల బయటికి వంచి, మళ్ళీ లోపలికి లాగాడు. అతనికి అది రోజూ చేసే పనిలాగే ఉంది. ఒడ్డున సరుగుడు తోట సన్నటి గీతయింది, తర్వాత అదీ లేదు.

గంటకి పైగా పోయాక తాతారావు ఇంజను ఆపాడు.

“ఇదే” అన్నాడు.

ఎవరూ కదల్లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఈ నీళ్ళ మీద తిరిగిన మగవాళ్ళు ఐదుగురు, బోటు అంచులు పట్టుకుని, కొత్త ఇంటికొచ్చిన వాళ్ళలా నీళ్ళకేసి చూస్తున్నారు. ఒకతను వంగి, వేళ్ళు తడిపి కళ్ళకద్దుకున్నాడు. ఆ చూపులు చూస్తుంటే, ఒళ్ళు తడిసినందుకు కాకుండా ఇంకోరకం చలి పట్టుకుంది నాకు. వాళ్ళ సముద్రాన్ని వాళ్ళకే కాకుండా చేశాను.

నా ఫోన్లో, పటం మీద మేమున్న చోటు చుక్కగా కనిపిస్తోంది. మేం మచ్చ అంచున ఉన్నాం. పటంలో లేతగా, నారింజరంగులో ఉండే చోటు. ముదురు ఎరుపు ఇంకా రెండు కిలోమీటర్లు తూర్పుకి. ఊరుకుంటే వాళ్ళు ఇక్కడే వల వేసేవాళ్ళు, వెనక్కి తిరిగేవాళ్ళు. లోపలికి ఎవరూ ఎప్పటికీ వెళ్ళేవాళ్ళు కాదేమో.

“ఇది కాదు” అన్నాను. “ఇంకా ముందుకి పోవాలి. నడిమధ్యకి.”

తాతారావు మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూశాడు. అతను ఎడం చేత్తో తాడు లాగి ఇంజను మళ్ళీ పట్టించాడు.

ఫోను చూస్తూ కూర్చున్నాను. చుక్క మెల్లగా జరుగుతూ జరుగుతూ, నేను అన్నిటికంటే ముదురు రంగు పూసిన చోటుకి వచ్చింది.

“ఆపండి” అన్నాను. “ఇక్కడే.”

నీళ్ళు ఒడ్డుదగ్గర కంటే నల్లగా, ఒకేలా ఊగుతున్నాయి. తాతారావు చుక్కాని వదిలి లేచి, వల కొసని కట్టున్న చేతికి చుట్టుకోబోయి ఆగాడు. ఎడం చేతికి మార్చుకున్నాడు.

“దింపండ్రా” అన్నాడు.